బండి ఉంది సరే, ట్రాకేది?

మొన్నొక ఆదివారం సాయంత్రం ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర సినిమా వదిలిన జనంలో ఇరుక్కుపోయి, ఒక పాన్ డబ్బా పక్కన నిలబడి ఉన్నాను. ట్రాఫిక్ ఎక్కడిదక్కడ ఆగిపోయింది. సరిగ్గా నా ముందే పొడుగాటి ముక్కూ, రెండే తలుపులూ ఉన్న కారొకటి వచ్చి ఆగింది. దాని ముందొక ఆటో, పక్కన ఇంకో ఆటో, వెనక హారన్ మీంచి చెయ్యి తియ్యని సిటీ బస్సు. ఇంజను మాత్రం కడుపు నిండిన పులి గురకపెట్టినట్టు సన్నగా గుర్రుమంటోంది. డబ్బా పెద్దాయన పాన్ కడుతూనే దాన్ని ముక్కు నుంచి తోక దాకా ఒకసారి చూసి అడిగాడు.

"ఎంత స్పీడు పోతది బాబూ ఇది?"

"మూడొందలు దాటి పోతది పెద్దాయనా."

"గట్లనా? ఏడ?"

ఆయన వెటకారానికేం అనలేదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. సిగ్నల్ పడింది, కారు నారాయణగూడ వైపు నలభై అడుగులు కదిలి మళ్ళీ ఆగింది. నేను ఇంటికొచ్చేశాను గానీ ఆ "ఏడ?" మాత్రం నాతోనే వచ్చింది. ఇక్కడ రాస్తున్నదంతా ఆ ఒక్క ముక్క ప్రశ్నకి నేను వెతుక్కున్న చరిత్రే.

ముందు ఆ బండి జాతకం చూద్దాం. ఇలాంటివాటిని గ్రాండ్ టూరర్లు అంటారు. ఇటలీ వాళ్ళ మాటలో గ్రాన్ తురిస్మో, పొట్టిగా జీటీ. మన దగ్గర కారు వెనకాల జీటీ అన్న రెండక్షరాలు ఎవడు పడితే వాడు అంటించుకుంటాడు గానీ, అసలు అర్థం చాలా కచ్చితమైనది. పొద్దున ఇంట్లో టిఫిన్ చేసి బయల్దేరితే, ఇస్త్రీ చొక్కా నలక్కుండా సాయంత్రానికి ఎనిమిదొందల కిలోమీటర్ల అవతల దిగాలి. దారిలో రేసు ట్రాకు కనపడి నాలుగు చుట్లు వేద్దామనిపిస్తే పరువు పోకూడదు. అంటే సోఫా, గుర్రం రెండూ ఒకటే అవ్వాలన్నమాట. ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి వెంటనే అనుమానం రావాలి, ఈ రెండు రిక్వైర్‌మెంట్లూ ఒకదాన్నొకటి తన్నుకుంటాయి కదా అని. నిజమే, తన్నుకుంటాయి. ఆ తన్నులాటని దాచిపెట్టడానికే అంత ధర.

ఈ జాతి పుట్టింది ట్రాకు మీద కాదు, మామూలు రోడ్ల మీద. ఫ్రాన్సులో 1923లో మొదలైన లె మాన్ 24 గంటల పందెం కూడా అసలు టూరింగ్ కార్ల ఓపిక పరీక్షించడానికి పెట్టిందే, అదీ పల్లెటూళ్ళ మధ్య రోడ్డు మూసేసి. అక్కడ 1924లో ఒకసారి, మళ్ళీ 1927 నుంచి 1930 దాకా వరసగా నాలుగుసార్లు గెలిచింది బెంట్లీ. ఆ కంపెనీ పెట్టిన డబ్ల్యూ.ఓ. బెంట్లీ మొదట రైలింజన్ల షెడ్డులో అప్రెంటిస్ చేసినవాడు, అందుకేనేమో ఆయన కార్లూ రైలింజన్ల లాగే ఉండేవి. "ప్రపంచంలోకెల్లా స్పీడుగా పోయే లారీలు" అని ఎతోరె బుగాటీ వాటిని వెక్కిరించాడంటారు. వెక్కిరిస్తే వెక్కిరించాడు, గెలిచింది మాత్రం లారీలే :)

1930 మార్చిలో బెంట్లీ కంపెనీ చైర్మన్ వూల్ఫ్ బార్నాటో ఒక పందెం కాశాడు. ఫ్రాన్సు దక్షిణాన ఉన్న కాన్ నుంచి బ్లూ ట్రెయిన్ అనే ఖరీదైన రైలు బయల్దేరి ఉత్తరాన కాలే రేవుకి చేరేలోపల, తను కారులో సముద్రం కూడా దాటి లండన్‌లో ఉంటానని. వానలో, మంచులో రాత్రంతా తోలి, రైలు కాలే చేరడానికి నాలుగు నిమిషాల ముందు లండన్‌లోని తన క్లబ్బుకి చేరాడు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఫ్రెంచి వాళ్ళు మాత్రం రోడ్ల మీద రేసులేంటని కంపెనీకి ఫైన్ వేశారంటారు. (పిడకల వేట: బ్లూ ట్రెయిన్ బెంట్లీ అని అందరూ బొమ్మల్లో చూసే ఆ అందమైన రెండు తలుపుల బండి ఆ పందేనికి చాలా ఆలస్యంగా, మే నెలలో చేతికొచ్చింది. పందెం తోలింది వేరే డబ్బా బండి. అందగత్తె ఫొటో, కష్టపడిందొకరు.)

ఇటలీలో ఇంకా పెద్ద వ్యవహారం. బ్రెషియా నుంచి రోమ్‌కి వెళ్ళి మళ్ళీ బ్రెషియాకి రావాలి, సుమారు 1600 కి.మీ., అన్నీ మామూలు రోడ్లే. మిల్లె మిలియా, అంటే వెయ్యి మైళ్ళు. 1927లో మొదలైంది. జీటీ అనే మాటకి పరువు తెచ్చింది ఈ పందెమే. 1951లో లాన్చియా అరేలియా బీ20 అనే బుజ్జి కూపే, రెండు లీటర్ల ఇంజను వేసుకుని తనకంటే రెట్టింపు పెద్ద ఫెరారీ వెనకాలే రెండో స్థానంలో వచ్చింది. షోరూంలో కొనుక్కున్న బండితో రేసుకి పోయి, అదే బండిలో ఇంటికి రావచ్చన్న ఊహకి అక్కడ కాళ్ళొచ్చాయి.

ఆ ఊహకి కాళ్ళు విరిగిందీ అక్కడే. 1957 మే 12న గుయిదిద్జోలో అనే ఊరి దగ్గర, తిన్నగా ఉన్న రోడ్డు మీద దె పోర్తాగో అనే డ్రైవర్ నడుపుతున్న ఫెరారీ టైరు పేలింది. డ్రైవరూ, పక్కన కూర్చున్న సహచరుడూ పోయారు. రోడ్డు పక్కన నిలబడి చూస్తున్న తొమ్మిది మంది పోయారు. అందులో అయిదుగురు చిన్నపిల్లలు. ఎంజో ఫెరారీ మీద కేసు పెట్టారు, అది 1961లో గానీ కొట్టేయలేదు. మిల్లె మిలియా పందెంగా అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత యూరప్ అంతా మెల్లగా ఒక మాట మీదికొచ్చింది. గట్టిగా తోలాలంటే గోడ కట్టిన చోట తోలు, రోడ్డు మీద కాదు. ట్రాకు అనేది విలాసం కాదు, పక్కన నిలబడినవాడికి ఇచ్చిన హామీ. నేను ఈ సంగతి చదివాకే నాకు పాన్ డబ్బా పెద్దాయన ప్రశ్న బరువు తెలిసింది.

మరి మన ఊళ్ళో? హైదరాబాదుకి ఖరీదైన కార్లు కొత్తేం కాదు. చౌమహల్లా పాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు, వెనక సీటు సింహాసనం లాగా ఉంటుంది. మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరు పెట్టారు, అది వచ్చేసరికి ఆయన లేడు, 1911లోనే పోయాడు. తర్వాత అన్నేళ్ళలోనూ అది నాలుగొందల మైళ్ళు కూడా తిరగలేదంటారు. మన దగ్గర ఖరీదైన బండి అంటే ఊరేగింపుకే. తోలడానికి కాదు, కనపడటానికి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఆగిన బండి కూడా వందేళ్ళ తర్వాత అదే పని చేస్తోంది కదా అనిపించింది.

తోలిన వాళ్ళు మద్రాసు వైపు ఉన్నారు. నెల్లూరు నుంచి మద్రాసుకి బస్సులో వెళ్ళినవాళ్ళంతా షోలవరం పక్కనుంచే వెళ్ళారు, చాలామంది దాని సంగతి తెలియకుండానే. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఒకటి ఉండేది. యుద్ధం అయిపోయింది, విమానాలు పోయాయి, సిమెంటు మిగిలింది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ ఎయిర్‌స్ట్రిప్ మీద ఏళ్ళ తరబడి పందేలు నడిపింది. ఒకపక్క గొండాల్ సంస్థానపు రాజకుమారుడు విదేశీ బళ్ళేసుకుని వచ్చేవాడు, ఇంకోపక్క మామూలు మెకానిక్కులు ఫియట్‌నీ, అంబాసిడర్‌నీ విప్పదీసి, బరువు తగ్గించి, కార్బొరేటర్లు మార్చి వచ్చేవాళ్ళు. 1980ల మొదట్లో విజయ్ మాల్యా ఏకంగా ఎన్‌సైన్ అనే పాత ఫార్ములా వన్ కారు తెచ్చి నడిపాడు. రేసుల రోజున ఎండలో వేలమంది నిలబడి చూసేవాళ్ళు.

నాకు ఆ గుంపులో అందరికంటే నచ్చే మనిషి కరివరదన్. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబం, అంటే ఎన్నో తరాల కింద తెలుగుదేశం నుంచి వెళ్ళి స్థిరపడ్డ నాయుళ్ళ ఇల్లు. డబ్బుంది, విదేశీ కారు తెప్పించుకుని కాలుమీద కాలేసుకోవచ్చు. ఆయన చేసిందేమిటంటే, 1980ల చివర్లో మారుతి 800 ఇంజను తీసుకుని దాని చుట్టూ ఒంటి సీటు రేసుకారు తయారుచేయడం. 796 సీసీ ఇంజను! మా నాన్నగారి కార్లో ఏసీ వేస్తే ఫ్లైఓవర్ ఎక్కనని మొరాయించిన ఇంజను అదే. ఆ ఫార్ములా మారుతి వల్ల రాజకుమారులు కానివాళ్ళు కూడా రేసుల్లోకి రాగలిగారు. మన దేశం నుంచి మొదటి ఫార్ములా వన్ డ్రైవరైన నరేన్ కార్తికేయన్ 1990ల మొదట్లో రేసులు మొదలుపెట్టింది ఆ తరగతి బళ్ళతోనే. కరివరదన్ 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరు దగ్గర ఆయన పేరు మీద కరి మోటార్ స్పీడ్‌వే ఉంది.

ఇక మద్రాసు క్లబ్బు వాళ్ళు ఎయిర్‌స్ట్రిప్‌ని నమ్ముకోకుండా శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకున్నారు. 1990లో తెరిచారు, 3.7 కి.మీ. పొడవు. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. అది ప్రభుత్వం కట్టింది కాదు, ఏ ముఖ్యమంత్రీ కలగన్నది కాదు. నలుగురు పిచ్చివాళ్ళు చందాలేసుకుని, క్లబ్బు పెట్టుకుని, నలభై ఏళ్ళు ఓపికపట్టి కట్టుకున్నది.

ఆ ట్రాకు మీదే రెండేళ్ళ కిందట నాకొక జీటీలో పక్క సీటు దొరికింది. మా బావ ఆ చుట్టుపక్కలే ఆటో పార్టుల కంపెనీలో పనిచేస్తాడు. వాళ్ళకి తెలిసిన ఒక మద్రాసు తెలుగాయన ట్రాక్ డేకి తన కారు తీసుకొస్తున్నాడు, "ఒరేయ్, శనివారం లీవు పెట్టాల్సిన పనిలేదుగా, వచ్చెయ్" అన్నాడు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళిపోయాను. బండి పేరు చెప్పను, ఓనరు గారు ఒప్పుకోలేదు, కారణం కింద మీకే తెలుస్తుంది. బరువు మేమిద్దరం కూర్చున్నాక 2200 కిలోలు. లోపల తోలు సీట్లు, చెక్క డ్యాష్‌బోర్డు, వీపుకి మసాజ్. హెల్మెట్ పెట్టుకుని మసాజ్ సీటులో కూర్చుంటే పెళ్ళికొడుకు తలపాగాతో మంగలి కుర్చీలో కూర్చున్నట్టుంది. అద్దాలు దించమన్నారు, ట్రాక్ మీద అదే రూలట.

మొదటి చుట్టు ఆయన నెమ్మదిగా తోలాడు. రెండో చుట్టులో అసలు సంగతి తెలిసింది. తిన్నటి రోడ్డు మీద స్పీడు రెండొందలకి చేరడం పెద్ద విశేషం కాదు, డబ్బు పోస్తే ఏ బండైనా పోతుంది. ఆ రెండొందల్లోంచి మలుపు కోసం ఎనభైకి దిగడం ఉంది చూశారూ, అది విశేషం. బెల్టు ఛాతీని కోసేస్తుంది, మెడ ముందుకి పోతుంది, కళ్ళజోడు ముక్కు మీంచి జారుతుంది. ఇంటర్ ఫిజిక్సు గుర్తుచేసుకోండి, సగం ఎం వీ స్క్వేర్. 2200 కిలోల బండి 200 నుంచి 80కి దిగిందంటే సుమారు 28 లక్షల జౌళ్ళు ఎక్కడో వదిలించుకోవాలి. అంటే దాదాపు పది లీటర్ల మామూలు నీళ్ళని మరిగే దాకా తెచ్చేంత వేడి. అదీ నాలుగే నాలుగు సెకన్లలో, నాలుగు ఇనప పళ్ళేల మీద. మీ ఆల్టో వందలో పోతూ పూర్తిగా ఆగిందనుకోండి, మహా అయితే ఒక లీటరు మరుగుతుంది. పైగా ట్రాకు మీద ఆ పళ్ళేలు చల్లారేలోపు ఇంకో మలుపు, ఇంకో మలుపు.

మూడో చుట్టు చివర్లో ఆయన బ్రేకు తొక్కితే పెడల్ మామూలుగా ఆగే చోట ఆగలేదు. ఇంకా కిందికి పోయింది. ఆయన మొహం చూస్తే నాకు అర్థమైంది. బ్రేకు ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, పాతబడేకొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. మరిగితే బుడగలొస్తాయి, బుడగల్ని తొక్కితే అవి నలుగుతాయే గానీ బ్రేకుని నొక్కవు. పుస్తకంలో చదివినప్పుడు రెండు మార్కుల ప్రశ్న. సీట్లో కూర్చున్నప్పుడు వేరు. ఆయన రెండుసార్లు పంప్ చేసి, గేర్లు దించి, మలుపు వదిలేసి తిన్నగా పక్కనున్న ఖాళీ మట్టిలోకి పోనిచ్చాడు. దుమ్ము లేచింది, బండి ఆగింది. అంతే. ఎవరికీ ఏం కాలేదు, ఎందుకంటే అక్కడ ఎవరూ లేరు. ఎవరూ ఉండకుండా ఆ మట్టి అలా ఖాళీగా ఉంచారు కాబట్టి.

పిట్‌లోకి వచ్చాక ఆయన అలవాటుకొద్దీ పార్కింగ్ బ్రేకు వెయ్యబోతే మార్షల్ కుర్రాడొకడు పరుగెత్తుకొచ్చి కేకలేశాడు. వేడెక్కిన పళ్ళేల మీద ప్యాడ్లు అదిమి ఉంచితే ఒకచోటే కాలిపోతాయి, మెల్లగా ఒక చుట్టు తిరిగి చల్లార్చుకుని రావాలట. కోట్లు పెట్టి కారు కొన్న పెద్దమనిషి, నెలజీతం కుర్రాడి ముందు చేతులు కట్టుకుని విన్నాడు. నాకు తెగ ముచ్చటేసింది. తర్వాత టీ తాగుతూ ఆయన మెల్లగా అన్నమాట ఇది: "నాలుగేళ్ళ నుంచీ తోలతా ఉండా బాబూ, దీనికి బ్రేకు లేకుండా పోతాదని ఈరోజే తెలిసింది." బండి పేరు ఎందుకు చెప్పొద్దన్నారో ఇప్పుడు తెలిసింది కదా. నిజానికి బండి తప్పేం లేదు, ఆయిల్ మార్చి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

తిరుగు రైల్లో నేను ఆలోచించింది ఒకటే. ఆ పెడల్ అలా కిందికి పోయింది మా ఔటర్ రింగ్ రోడ్డు మీదయితే?

ఈ మాట నేను నీతులు చెప్పడానికి అనట్లేదు. 2021లో ఒక రాత్రి ఒంటిగంటన్నరకి నేనూ అక్కడ ఉన్నాను. మా ఆఫీసు ఫ్రెండు కొత్త కారు, రిలీజ్ అయిపోయిందన్న ఆనందం, ఖాళీ రోడ్డు. 165 చూపిస్తోంది మీటరు, నేను ఫోన్లో వీడియో తీస్తున్నాను. ఎడమ లేన్లో సగం లోపలికి చొచ్చుకుని ఒక లారీ ఆగి ఉంది, వెనక లైట్ల్లేవు. మావాడు కుడికి లాగాడు, అదృష్టం కొద్దీ కుడివైపు ఎవరూ లేరు. శంషాబాద్ టోల్ దాకా ఇద్దరం నోరెత్తలేదు. తర్వాత లెక్కేసుకున్నాను. 165లో సెకనుకి 46 మీటర్లు. మనిషి చూసి కాలు కదపడానికి ఒక సెకను, ఆ తర్వాత మంచి టైర్లున్నా ఆగడానికి ఇంకో 130 మీటర్లు. మొత్తం 175 దాటింది. మా లైట్ల వెలుతురు అందులో సగం కూడా పోవట్లేదు. అంటే మేం ఆ పది నిమిషాలూ కళ్ళు మూసుకునే తోలామన్నమాట. వీడియో డిలీట్ చేశాను.

ఈ 158 కి.మీ. రోడ్డు మీద 2011 ఒక్క ఏడాదిలోనే ఒక మాజీ క్రికెట్ కెప్టెన్ గారి అబ్బాయీ, ఒక సీనియర్ రాజకీయ నాయకుడి అబ్బాయీ పోయారు. 2017లో జూబ్లీహిల్స్‌లో మెట్రో పిల్లర్‌కి ఒక మంత్రిగారి అబ్బాయి కారు గుద్దుకుంది. వాళ్ళవి పేపర్లో మొదటి పేజీలో వచ్చాయి. ఎదురుపడి పోయినవాళ్ళవి లోపలి పేజీల్లో రెండు లైన్లు. 2023లో ఔటర్ మీద స్పీడు లిమిట్‌ని 100 నుంచి 120 చేశారు. కుర్రాళ్ళ చేతుల్లో బళ్ళు మాత్రం 250 పోయేవి.

అయితే మన ఊరికి ట్రాకు ఎవరూ ఇవ్వబోలేదా అంటే, ఇవ్వబోయారు. ఒకటి కాదు, రెండుసార్లు.

మొదటిది 2003. చంద్రబాబునాయుడు గారు ముఖ్యమంత్రి. హైటెక్ సిటీ అయింది, ఇక ఫార్ములా వన్ మిగిలింది. బెర్నీ ఎకిల్‌స్టోన్‌తో ఏడేళ్ళ ఒప్పందం, 2007లో మొదటి రేసు అన్నారు, గోపన్‌పల్లిలో వెయ్యెకరాలకి పైగా స్థలం పక్కన పెట్టారు. 2004లో ప్రభుత్వం మారింది, రాజశేఖరరెడ్డి గారొచ్చారు, ఆ ఏడాది చివరికల్లా కథ కంచికి చేరింది. తప్పు ఎవరిదని వాదించుకోవడానికి ఇది చోటు కాదు గానీ (నాకు తెలుసు, మీలో సగం మంది ఇప్పటికే మొదలుపెట్టేశారు), అన్నం లేని రైతుకి ఫార్ములా వన్నా అన్న మాటకి ఆ రోజుల్లో ఎదురు చెప్పడం కష్టమే. ఫార్ములా వన్ చివరికి 2011లో ఢిల్లీ పక్కన బుద్ధ్ సర్క్యూట్‌కి వచ్చి, పన్నుల గొడవల మధ్య మూడు రేసులాడి 2013తో వెళ్ళిపోయింది. మనకొచ్చినా అదే గతి పట్టేదేమో. ఇప్పుడు గోపన్‌పల్లిలో మనవాళ్ళే బోలెడుమంది ఫ్లాట్లకి ఈఎంఐలు కడుతున్నారు. మీ మాస్టర్ బెడ్‌రూం ఏ మలుపులో వచ్చేదో ఊహించుకోండి.

రెండోది మా ఇంటికి నడిచివెళ్ళే దూరంలోనే జరిగింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్కు, ఐమాక్స్, సెక్రటేరియట్ చుట్టూ ఉన్న రోడ్లు కలిపి 2.83 కి.మీ., 18 మలుపులు. 2022 నవంబరులో ఇండియన్ రేసింగ్ లీగ్‌తో మొదలుపెట్టారు, ఆ వారం షెడ్యూలు తప్పి అసలు రేసులు జరగనే లేదు, మళ్ళీ డిసెంబరులో జరిపారు. ఆ తర్వాత 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ, కరెంటు కార్ల ప్రపంచ పోటీ. దానికి ముందురోజు ప్రాక్టీసు మొదలవ్వాల్సిన టైముకి ట్రాకు మీద రేసుకార్లు లేవు, మామూలు బళ్ళున్నాయి. రోడ్డు మూసిన సంగతి సరిగ్గా తెలియక మనవాళ్ళు ఎప్పట్లాగే ఆఫీసులకి బయల్దేరారు. ప్రపంచ స్థాయి పోటీని ఆపేసిన ఘనత మన ట్రాఫిక్‌కి దక్కింది.

రేసు రోజున చిక్కడపల్లి నుంచి ఇందిరా పార్కు మీదుగా నడిచే వెళ్ళాను, బండి పెట్టే చోటు లేదు కాబట్టి. మిచ్ ఎవాన్స్ జాగ్వార్ అందరికంటే ముందు నుంచి మొదలైంది. జాగ్వార్ అంటే ఒకప్పుడు జీటీలకి పెట్టింది పేరు, 2008 నుంచీ మన టాటాలది, కాబట్టి చుట్టూ జనం మనోడే అన్నట్టు అరిచారు. మూడో మలుపు దగ్గర అదే జట్టువాడు శామ్ బర్డ్ వచ్చి వెనక నుంచి గుద్దాడు, రెండు జాగ్వార్లూ అవుట్. చివరి చుట్లలో జాన్ ఎరిక్ వెర్న్ బ్యాటరీ అడుగంటుతుంటే నిక్ కాసిడీని ఆపుకుంటూ ఆపుకుంటూ గెలిచాడు. నాకు బాగా నచ్చింది వేరే సంగతి. ఈ కార్లకి వెనక చక్రాలకి మామూలు బ్రేకులే లేవు. మోటార్లే తిరగబడి బండిని ఆపుతాయి, ఆ వేడి అయ్యే శక్తి మళ్ళీ బ్యాటరీలోకే పోతుంది, రేసులో వాడే శక్తిలో దాదాపు 40 శాతం అలా వచ్చిందే. డ్రైవరుతో కలిపి 840 కిలోలు. శ్రీపెరంబుదూరులో పది లీటర్లు మరిగించి గాల్లో కలిపేసిన మా 2200 కిలోల సోఫా తర్వాత చూస్తే ఇంజనీరనేవాడికి కళ్ళు చెమర్చవా?

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది, 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో రేసు రద్దయింది. 2024 డిసెంబరులో అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ గారి మీద, అధికారుల మీద ఏసీబీ కేసు పెట్టింది, అనుమతుల్లేకుండా సుమారు 55 కోట్లు విదేశీ సంస్థకి కట్టారన్నది ఆరోపణ, కాదన్నది వాళ్ళ వాదన. అది కోర్టులు తేల్చాల్సిన విషయం. నా కంప్లయింట్ అది కాదు. 2003లో గానీ 2023లో గానీ ఎవరూ "మన కుర్రాళ్ళు ఎక్కడ తోలాలి?" అని అడగలేదు. రెండుసార్లూ మనం చూడ్డానికే టికెట్లు. ట్రాకు అంటే ప్రపంచపటంలో ఊరి పేరు కనపడటానికి పెట్టే ఫ్లెక్సీ, రేసు అయిపోగానే విప్పేస్తారు. ఒకరకంగా నిజాం గారి పసుపు రోల్స్ రాయిసే మళ్ళీ.

మా ఇంట్లో ఈ మాటంటే మా అమ్మ ఒప్పుకోదు. "బస్సులు దొరక్క జనం వేళ్ళాడుతుంటే డబ్బున్నవాళ్ళకి ట్రాకు కావాల్సొచ్చిందా?" అంటుంది. న్యాయమైన మాటే. ప్రభుత్వం డబ్బు పెట్టమని నేను అనట్లేదు కూడా. మద్రాసు వాళ్ళకి ఎవరు పెట్టారు? ఒక్క మాధాపూర్‌లో బోనస్ నెలలో అమ్ముడయ్యే బైకుల ఓనర్లు తలా ఇంత వేసుకుని, ఊరికి దూరంగా రెండున్నర కిలోమీటర్ల తారు, చుట్టూ ఖాళీ మట్టి, ఒక అంబులెన్సు, కేకలేసే మార్షల్ కుర్రాళ్ళు నలుగురు. అంతకంటే ఏం అక్కర్లేదు. జీటీ వాడు వస్తే వాడి దగ్గర ఎక్కువ తీసుకోండి, పల్సర్ వాడి దగ్గర తక్కువ తీసుకోండి. బ్రేకు ఆయిల్ మరుగుతుందన్న సంగతి మనిషికి ఎక్కడో ఒకచోట తెలియాలి, ఆ చోట ఇంకొకళ్ళు రోడ్డు దాటుతూ ఉండకూడదు.

ప్రస్తుతానికి మా పేటలో పిల్లలకి దొరికిన ట్రాకు ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా ఉన్న స్టీల్ బ్రిడ్జి. 2023 ఆగస్టులో తెరిచారు, నాయిని నర్సింహారెడ్డి గారి పేరు పెట్టారు, అశోక్ నగర్ మీదుగా, మెట్రో పట్టాల పైనుంచి పోతుంది. పొడవు కూడా హుస్సేన్ సాగర్ ట్రాకుకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మలుపులు తక్కువ, సిగ్నళ్ళు లేవు. కింద లైబ్రరీ నుంచి గ్రూప్స్‌కి చదివే పిల్లలు అర్ధరాత్రి రూములకి నడుచుకుంటూ పోతుంటారు, పైన బైకులు. నిన్న రాత్రి పదకొండున్నరకి కూడా ఒకడెవడో పోయాడు. మా కిటికీలోంచి కనపడడు గానీ, గేరు మార్చిన ప్రతిసారీ వినపడుతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... అయిదోది పడ్డాక వీఎస్టీ వైపు దిగేచోట బ్రేకు తొక్కిన చప్పుడు వినపడే దాకా నాకు నిద్ర పట్టదు.